కొండాపూర్ మడిలో గాజు పెంకులు

మొన్న ఆదివారం మా అపార్ట్‌మెంటు కింద ఒక అబ్బాయి, ఒక అమ్మాయి నిలబడి ఇంటింటివాళ్ళనూ పిలిచి రెండు రంగుల బుట్టలు చూపించారు. తడి చెత్త ఒకదాంట్లో, పొడి చెత్త ఇంకోదాంట్లో వేయాలట. అలా విడదీస్తే చెత్తలోంచి ఎరువు వస్తుందట, ఇనుము వస్తుందట, కాగితం వస్తుందట. పాపం ఎంతో ఓపికగా చెప్పారు. చివర్లో ఆ అమ్మాయి నావైపు వంగి, కొంచెం గొంతు పెంచి, "తాతగారూ, అర్థమైందా?" అని అడిగింది. అర్థమైందమ్మా అన్నాను. నా ఉద్యోగం మొత్తం ఆ రెండు బుట్టల మధ్యనే గడిచిందని చెప్పలేదు. మొదలుపెడితే వాళ్ళ ఆదివారం పాడయ్యేది. మీ ఆదివారం పాడుచేయడానికి నాకేమీ మొహమాటం లేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

నేను బాచుపల్లి రైతు కుటుంబంలో పుట్టాను. ఉర్దూ చదవడం, రాయడం వచ్చు కాబట్టి నిజాం రాజ్యం చివరి రోజుల్లో పట్నంలో సఫాయి దఫ్తరులో జమేదారుగా కుదిరాను. మా అమ్మ చుట్టాలందరికీ మావాడిది పెద్ద దఫ్తరులో నౌకరి అని చెప్పుకునేది. ఏ దఫ్తరు అని ఎవరైనా ఆరా తీస్తే పొయ్యి మీద ఏదో మాడుతోందని లోపలికి పోయేది. నాకు మాత్రం ఆ పని మొదటి రోజు నుంచే నచ్చింది. పట్నమంతా వద్దని పారేసినదాన్ని మళ్ళీ పనికొచ్చేలా చేసి పంపించడంలో ఒక గర్వం ఉంది. మా ఆవిడ ఎంత ప్రయత్నించినా ఆ గర్వం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

బోరబండ దాటాక గుట్టల మధ్య మా ఎరువు గుంతలు ఉండేవి. యుద్ధం ముగిశాక వేలంలో కొన్న పాత మిలిటరీ లారీలు పట్నం గల్లీలు ఊడ్చిన చెత్తను తెచ్చి అక్కడ కుమ్మరించేవి. మేము దాన్ని చెత్త అనేవాళ్ళం కాదు, మాల్ అనేవాళ్ళం. గుంతలో ఒక వరస మాల్, దాని మీద ఒక వరస పాయిఖానాల నుంచి తెచ్చిన మలం, మళ్ళీ మాల్, అన్నిటికీ పైన మట్టి. నెలల తరబడి అలా మగ్గనిస్తే లోపలి వేడికి అంతా కుళ్ళి కలిసిపోయి నల్లటి ఎరువు అవుతుంది. తవ్వి తీసేసరికి దుర్వాసన ఉండదు, పిడికిట్లో పట్టుకుంటే పొడిపొడిగా రాలుతుంది. ఇంతకు మించి మీకు తెలియాల్సిన శాస్త్రం ఏమీ లేదు.

గుంతలోకి వేసేముందు మాల్‌ను ఆడవాళ్ళు ఏరేవారు. బొక్కలు, అంటే ఎముకలు, ఒక కుప్ప, పేలికలు ఒక కుప్ప, ఇనుప తుక్కు ఒకటి, సీసాలు ఒకటి. బొక్కలు పిండి పట్టేవాళ్ళకు, పేలికలు కాగితం తయారుచేసేవాళ్ళకు పోయేవి. నేను పొద్దున్నే ఆ కుప్పల మధ్య చేతులు వెనక్కి కట్టుకొని తిరిగేవాణ్ణి. నాలుగు కుప్పలూ సరిగ్గా కనబడితే పని సరిగ్గా నడుస్తున్నట్టు లెక్క. ఆడవాళ్ళు నన్ను చూసి, జమేదారు దొర పెండ్లికొడుకులెక్క నడుస్తుండు అని నవ్వుకునేవారు. అప్పటికి నాకు పెళ్ళి కాలేదు. ఆ నౌకరి పేరు బయటపడ్డాక సంబంధాలు రావడం కూడా ఆగిపోయింది.

రాజ్యం మారిన మరుసటి వానాకాలం నుంచి అసలు కథ. అంతకు ముందు ఏడాది ఎలా గడిచిందో పెద్దవాళ్ళను అడగండి, నేను ఇక్కడ చెప్పను. ఊళ్ళల్లో, పట్నంలో ఎన్నో ఇళ్ళు మగదిక్కు పోయి దీపం లేకుండా అయిపోయాయని మాత్రం తెలుసుకోండి. కోస్తా జిల్లాల నుంచి మాకో కొత్త ఆఫీసరు వచ్చారు. మనిషి సన్నగా, ఎప్పుడూ ఇస్త్రీ బట్టల్లో ఉండేవారు. నాలాంటివాణ్ణి కూడా మీరు అనే పిలిచేవారు. ఆయన మాట మాకూ, మా మాట ఆయనకూ సగమే అర్థమయ్యేది. కానీ ఎరువంటే ఆయనకు పిచ్చి. వచ్చిన రోజే గుంతలోకి దిగి పిడికెడు తీసి వాసన చూసి, చాలా బాగుందండీ అన్నారు. నాకు ఆయన అప్పుడే నచ్చారు.

అయితే ఆ ఎరువు తీసుకునేవాళ్ళు లేరు. చుట్టుపక్కల రైతులకు ఎరువంటే తమ ఇంటి పశువుల పెంటే. పట్నంవాళ్ళ పాయిఖానా మా పొలంలో పోసుకుంటామా అని మొహాన అడిగేవారు. తయారైన ఎరువు గుట్టలుగా పేరుకుపోయింది. ఒకరోజు ఆఫీసరుగారు నన్ను కూర్చోబెట్టి విషయం దాచకుండా చెప్పారు. ఈ వానాకాలంలో ఒక్క రైతైనా దీనితో పంట తీసి చూపించకపోతే గుంతలు పూడ్చేయమని పైనుంచి మాట వచ్చింది. లారీలు మాల్‌ను నేరుగా రాళ్ళ క్వారీలో పోసేస్తాయి. ఏరే ఆడవాళ్ళను ఇంటికి పంపేస్తారు. వాళ్ళల్లో చాలామంది సంపాదన మీదే ఇల్లు గడుస్తుందని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

రైతును నేను తెస్తానని చెప్పాను. అంత ధైర్యంగా చెప్పడానికి కారణం కొండాపూర్‌లో ఉన్న మా మేనమామ. ఆయన పశువులన్నీ ఆ ఎండాకాలం రోగం తగిలి పోయాయి. పశువుల్లేవంటే పెంట లేదు. కుంట కింద ఉన్న ఒక్క వరి మడే ఆ ఇంటికి ఏడాది తిండి. నేను వెళ్ళి సంచీలో తీసుకుపోయిన ఎరువు ఆయన ముందు పోశాను. మామ నలిపి చూశాడు, వాసన చూశాడు, పక్కింటి అరుగు వైపు చూశాడు.

"మంచిగనే ఉంది గనీ, ఊరోళ్ళు నవ్వుతరు అల్లుడా."

"వడ్లు ఇంటికొచ్చినంక నవ్వుమను మామా."

మా అత్త తలుపు వెనక నుంచి అంతా విని, ఆకలికంటే నవ్వు ఎక్కువా అని ఒక్క మాట అనేసరికి బేరం కుదిరిపోయింది. మర్నాటి నుంచి బండ్ల మీద ఎరువు తోలించాను. ఊరివాళ్ళు నవ్వారు, ముక్కులు మూసుకున్నారు. వాసన లేదని వాళ్ళకూ తెలుసు, అయినా మూసుకున్నారు. మామ తలవంచుకొని ఎరువు మడి అంతా పలచగా చల్లాడు. పక్కనే నారుమడి జానెడు పెరిగి పచ్చగా ఊగుతోంది.

ఆ సాయంత్రమే పెద్ద వాన కురిసింది. తెల్లవారి నేను ఉషారుగా కొండాపూర్ చేరేసరికి ఎండ వచ్చింది. మడి వైపు చూసి ఆగిపోయాను. మడంతా మెరుస్తోంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం, పసుపు, అక్కడక్కడా బంగారు గీత. వాన పైన ఉన్న మన్ను కడిగేసి, లోపలున్న గాజు పెంకులన్నిటినీ బయటపెట్టింది. అబద్ధమెందుకు, చూడ్డానికి ఎంతో అందంగా ఉంది. ఆ అందం చూస్తూ కాసేపు మతిలేనివాడిలా నిలబడ్డాను.

గట్టు మీద అప్పటికే, మడి చూసుకొని నాట్లకు మాట ఇవ్వడానికి వచ్చిన ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. ఒక్కరూ దిగలేదు. వాళ్ళను కూడగట్టి పనికి తెచ్చే ఆమె నడివయసు మనిషి, గట్టి గొంతు, మోచేతి దాకా గాజులు. నాట్ల పెద్దామె అనేవారు, ఆమె లేనిది కొండాపూర్‌లో ఏ మడిలోనూ నాటు పడేది కాదు. మామ ఆమెను బతిమాలుతున్నాడు. కాళ్ళకు గుచ్చుకుంటాయని భయమైతే ఏరిస్తానని నేను మధ్యలో దూరాను. ఆమె నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

"కాలికి గుచ్చుకుంటే కట్టు కట్టుకుంటం. గిది గాజులయ్యా. పోయిన ఏడు ఎన్ని ఇండ్లల్ల గాజులు పగిలినయో నీకెరికెనా? ఏ తల్లి చెయ్యి మీద రాయి పెట్టి పగలగొట్టిన్రో, గా పెంకుల మీద మేం నడిచి మా ఇండ్లకు ఎట్ల పోవాలె?"

కబురందుకొని మధ్యాహ్నానికి ఆఫీసరుగారు లారీలో వచ్చారు. ఆయన పెంకులు చేతిలోకి తీసుకొని పరీక్షగా చూసి, ఇవి పట్నంలో లాడ్ బజార్ గాజుల దుకాణాల్లో పెట్టెలు దింపేటప్పుడు పగిలినవని, ఆ బజారు చెత్త ఈ ఏడే మా లారీల వంతుకు వచ్చిందని చెప్పారు. నిజమే. కొన్నిటి మీద దుకాణాల్లో డజన్లుగా కట్టే తీగ ముడులు కూడా ఉన్నాయి. ఆమె అంతా విన్నది. విని, అందులో ఏది దుకాణానిదో ఏది ఇంటిదో ఏరి చూపించమని అడిగింది. గాజు ముక్క మీద ఎవరి పేరూ ఉండదు.

మామ నారుమడి గట్టు మీద కూలబడ్డాడు. నారుకు వయసు ముదురుతోంది. ఇంకొన్నాళ్ళు ఆగితే నాటినా పిలకలు వేయదు. వేరే ఊరి నుంచి కూలీలను తెద్దామంటే కబురు మాకంటే ముందే వెళ్ళిపోతుంది. అత్త మాత్రం నన్నేమీ అనలేదు. మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. తిట్టినా బాగుండేదని నాకు అనిపించింది.

నాకు అర్థం కానిది ఒక్కటే. బొక్క ముక్క కూడా వదలని మా ఆడవాళ్ళు ఇన్ని పెంకులు ఎలా వదిలారు? గుంతల దగ్గరకు వెళ్ళి అడిగాను. అందరూ తలలు వంచుకొని పనిలో మునిగిపోయారు. చివరికి ఒకామె చెప్పింది. పగిలిన గాజులు తామెప్పుడూ ముట్టుకోరట. మొగుడున్న ఆడది ఎవరివో పగిలిన గాజులు చేత్తో ఏరుతుందా అని నన్నే తిరిగి అడిగింది. మాల్‌లో కనబడితే చీపురుతో పక్కకు తోసేవారట. తర్వాత అది మాల్‌తోపాటే గుంతలోకి పోయేది. ఎరువు జల్లెడ పట్టినప్పుడు రాళ్ళు పైన నిలిచేవి, సన్నటి పెంకులు కిందికి జారేవి.

అంటే కొండాపూర్ ఆడవాళ్ళు దేనికి భయపడి మడిలో దిగలేదో, సరిగ్గా దానికే భయపడి మావాళ్ళు ఏరలేదు. తప్పు పట్టడానికి మనిషి దొరకలేదు.

మరి ఇంతకుముందు ఏడాదుల్లో పెంకులు ఎందుకు రాలేదని అడిగితే, అప్పుడు అవ్వ ఉండె కదా అన్నారు. నాకు గుర్తొచ్చింది. చింత చెట్టు నీడలో ఒక ముసలామె ఒంటరిగా కూర్చుని ఉండేది. చిన్నప్పుడే భర్త పోయాడు. పగిలిన గాజులు ఆమె ఒక్కతే ఏరేది. ఏరినవి కుప్ప పోసేది కాదు, మూటగట్టి తీసుకుపోయేది. అందుకే ఆమె నిరుడు జ్వరం వచ్చి పని మానేసినా నా నాలుగు కుప్పల్లో ఏమీ తేడా కనబడలేదు. ఆ రోజు నుంచి కుప్పలను చూసి పని నడుస్తోందనుకునే అలవాటు మానుకున్నాను.

అవ్వ బోరబండలో తమ్ముడి ఇంట్లో ఉంది. నేను పోయేసరికి వాకిట్లో కూర్చుని పప్పు చెరుగుతోంది. మనిషి బాగానే కోలుకుంది, నోరు అసలు తగ్గలేదు. చేట పక్కన పెట్టకుండానే, ఏడాది తర్వాత యాదికొచ్చిన్నా అని దెప్పిపొడిచింది. విషయమంతా చెప్పాను. పెంకుల మాట రాగానే కళ్ళు పైకెత్తి, లాడ్ బజార్ మాల్ కూడా మనకే వస్తుందా అని ఆశగా అడిగింది. అప్పుడు తెలిసింది, ఆ పెంకులు ఆమె లక్క గాజులు చేసేవాళ్ళకు ఇచ్చేదట. కరిగిన లక్క మీద రంగు పెంకులు, అద్దం బిళ్ళలు అద్ది చవక రకం గాజులు చేసేవారు. ఏరికోరి మంచి రంగులు తెస్తుందని వాళ్ళ దగ్గర ఆమెకు పెద్ద పేరే ఉంది. నేను జమేదారునై ఉండి ఈ సంగతి ఎరగను.

మర్నాడు అవ్వను బండెక్కించి కొండాపూర్ తీసుకువెళ్ళాను. ఆమె మడి గట్టు మీద నిలబడి నడుముకు చెయ్యి ఆనించుకొని చూసి, ఇది తన ఒక్కదానితో దసరాకు కూడా కాదని తేల్చేసింది. నారు అన్నాళ్ళు ఆగదు. గట్టుకు అటువైపు ఊరి ఆడవాళ్ళు మమ్మల్ని చూస్తున్నారు. ఇటువైపు మామ, ఆయన అన్నదమ్ములు, మా బండ్లవాళ్ళు, లారీ డ్రైవరు చేతులు కట్టుకొని నిలబడి ఉన్నారు. ఏరడమంటే ఆడవాళ్ళ పని అని అందరి మనసులోనూ ఎంత గట్టిగా నాటుకుందంటే, అన్ని చేతులు ఖాళీగా ఉన్నా ఎవరికీ తట్టలేదు. ఆ క్షణంలో నాకు తట్టింది. ఇది మాత్రం నా బుర్రే, ఎవరికీ వాటా ఇవ్వను.

"మామా, గాజులు తొడిగినోళ్ళకే గద భయం. మనం తొడుగుతమా?"

మామ మొహం చూడాల్సింది. మొగోళ్ళం గొంతుక్కూర్చుని పెంకులు ఏరడమేంటి, ఊరు మళ్ళీ నవ్వుతుంది అన్నాడు. ఇప్పటికే నవ్వారు కదా, ఇంకొంచెం నవ్వనీ అని నేను పంచె ఎగగట్టి మడిలో కూర్చున్నాను. అవ్వ నా పక్కన కూర్చుని ఎండకు ఎదురుగా ఎలా చూడాలో, పెంకును అంచు మీద కాకుండా మధ్యలో ఎలా పట్టుకోవాలో చూపించింది. కాసేపటికి లారీ డ్రైవరు దిగాడు. ఆ తర్వాత బండ్లవాళ్ళు. మామ అందరికంటే ఆఖరున, ఎవరూ చూడటం లేదన్నట్టు మూల నుంచి దిగాడు.

మగవాళ్ళు వరసగా కూర్చుని ముందుకు జరుగుతూ ఏరడం ఆ ఊళ్ళో ఎవరూ చూసి ఉండరు. గట్టంతా జనంతో నిండిపోయింది. ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వారు. ఇగ రేపటి నుంచి కలుపు కూడా మీరే తియ్యుండ్రి, మేం కల్లు తాగి అరుగుల మీద కూసుంటం అన్నారు. డ్రైవరుకు నడుము పట్టేసి లేవలేకపోతే వాళ్ళ సంతోషానికి హద్దు లేదు. అవ్వ మాత్రం నవ్వలేదు. వరస వెనక నడుస్తూ, వదిలేసిన పెంకు కనబడితే దాని మీద కర్ర ఆనించి ఆ మనిషి వెనక్కి వచ్చి తీసేదాకా నిలబడేది.

ఎండ నడినెత్తికి వచ్చాక ఆఫీసరుగారు వచ్చారు. ఒక నిమిషం చూశారు. బూట్లు, మేజోళ్ళు విప్పి గట్టు మీద జాగ్రత్తగా పెట్టి, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, "నన్ను ఎక్కడ కూర్చోమంటారండీ?" అని అవ్వను అడిగారు. అవ్వ ఆయనను మామ పక్కన కూర్చోబెట్టింది. ఆయన ఏరుతూనే ఉన్నారు, చీకటి పడి రంగులు కనబడకుండా పోయేదాకా. అంతకు ముందు ఆయన ఇస్త్రీ చొక్కాల మీద నేను వేసిన జోకులన్నీ ఆ సాయంత్రం మనసులోనే వెనక్కి తీసుకున్నాను.

అలా రెండు మూడు రోజులు ఏరాం. బుట్టల కొద్దీ పెంకులు వచ్చాయి. మడికి నీళ్ళు పెట్టి, అడిగి తెచ్చిన ఎడ్లతో బురద దున్ని, చదును చేసి, నారు పీకి కట్టలు గట్టు మీద పేర్చాం. ఎంత వెతికినా ఇంక పెంకు లేదని నాకు నమ్మకం. మర్నాడు పొద్దున ఆడవాళ్ళు వచ్చారు. వచ్చి మళ్ళీ గట్టు మీదే నిలబడ్డారు.

నాట్ల పెద్దామె గొంతు ఈసారి అంత గట్టిగా లేదు. మీరు ఏరారు, మేము చూశాం, కాదనడం లేదు అన్నది. కానీ బురద కింద ఒక్కటి మిగిలినా తన వెంట వచ్చిన పిల్లల ఇళ్ళకు తానేం చెప్పాలి అని అడిగింది. వాళ్ళల్లో కిందటి నెలే పెళ్ళయి వచ్చిన పిల్ల కూడా ఉంది. ఆమె భయం నిజమైన భయం, మొండితనం కాదని నాకు అప్పుడు తెలిసింది. ఎవరి కళ్ళలోకీ చూడకుండా ఆమె అసలు మాట బయటపెట్టింది.

"ఆ అవ్వను ముందుగాల నడువుమను. ఆమెకు పొయ్యేటిది ఏం లేదు. ఈ కొస నుంచి ఆ కొసకు నడిచి, నెత్తురు లేకుంట ఒస్తే మేం దిగుతం."

మొదటి నారు ముత్తయిదువ నాటాలని ఆచారం. భర్త పోయిన ఆడది ఆ రోజు మడి వైపు కూడా రాదు. అలాంటిది ఈమెను ముందు దిగమనడం గౌరవించి కాదు, ఏ కీడున్నా ఆమె కాలికి అంటుకుపోనీ అని. నాకు ఒళ్ళు మండింది. వద్దు అవ్వా, పోదాం పద అన్నాను. మామ మడి పోయినా సరే అనుకున్నాను ఆ క్షణాన. అవ్వ నా చెయ్యి పక్కకు తీసేసింది. ఆమె కొత్తగా ఏమీ విననట్టే ఉంది. చీర కుచ్చిళ్ళు పైకి దోపి, కర్ర నా చేతికిచ్చి, మడిలోకి దిగింది.

బురద పిక్కల దాకా వచ్చింది. మామూలుగా నడిచిపోయినా ఎవరూ ఏమీ అనేవారు కాదు. ఆమె అలా నడవలేదు. ఒక్కో అడుగు వేసి, పాదంతో బురదను అటూ ఇటూ తడిమి, వేళ్ళతో నొక్కి చూసి, అప్పుడు రెండో అడుగు వేసింది. తన కాలికి గుచ్చుకోకూడదని కాదు, గుచ్చుకునేది ఉంటే తనకే గుచ్చుకోవాలని అలా వెతుకుతోందని కాసేపటికి అందరికీ అర్థమైంది. కర్ర లేక ఒకచోట తూలింది. రెండు చేతులూ చాచి నిలదొక్కుకుంది. బోసి చేతులు. మళ్ళీ వెతుకుతూ ముందుకు కదిలింది.

మడి సగం కూడా కాలేదు. గట్టు మీద గాజుల చప్పుడైంది. నాట్ల పెద్దామె చెంగు నడుముకు బిగించి మడిలోకి దూకింది. బురద చిమ్ముకుంటూ గబగబా పోయి అవ్వ చెయ్యి పట్టుకుంది.

"ఇగ చాలు. ముసలిదాన్ని ఒక్కదాన్నే ఏందే గట్ల నడిపిస్తిని నేను. చాలు ఆగు."

"నా చెయ్యి ఇడువు. ఇంక గా మూలకు సూసేది ఉంది."

"ఇద్దరం సూద్దాం పా."

ఇద్దరూ చేతులు పట్టుకొని ఆ మూలకు నడిచారు. మొదట కొత్త పెళ్ళికూతురే దిగింది, తర్వాత మా అత్త, ఆ తర్వాత ఎవరు ముందో ఎవరు వెనకో నాకు తెలియదు, నా కళ్ళు సరిగ్గా కనబడలేదు. మామ నారు కట్టలు విసరడం మొదలుపెట్టాడు. ఏడుస్తూ విసిరాడేమో, సగం కట్టలు పక్క మడిలో పడ్డాయి. మధ్యాహ్నానికి మడి పచ్చగా నిండింది. ఒక్కరి కాలికీ గీత పడలేదు.

ఆ ఏడు మామ మడి పండినట్టు చుట్టుపక్కల ఏ మడీ పండలేదు. ముక్కు మూసుకున్నవాళ్ళే కోతల తర్వాత ఒక్కొక్కరుగా గుంతల దారి పట్టారు. ఊరికే ఇటు పోతున్నాం, చూసిపోదామని వచ్చాం అనేవారు. వెనక బండి మాత్రం ఖాళీది ఉండేది. గుంతలు పూడ్చే మాట మళ్ళీ రాలేదు. అవ్వ చింత చెట్టు కిందికి తిరిగి వచ్చింది. ఈసారి ఆమె ఏరినదానికి అయిదో కుప్ప పెట్టించాను. ఆఫీసరుగారు ఎప్పుడు వచ్చినా ముందు ఆ కుప్ప దగ్గరికే వెళ్ళేవారు. తర్వాత నేను ఎన్నో చోట్ల పనిచేశాను, పెద్ద పెద్ద యంత్రాలు చూశాను, మెప్పులూ పొందాను. కొత్తగా వచ్చినవాళ్ళకు మాత్రం ఒక్కటే చెప్పేవాణ్ణి. ఏ వస్తువు మీ కుప్పల్లో లేదో అది చూడండి, దాన్ని ఎవరు ముట్టుకోవడం లేదో, ఎందుకో కనుక్కోండి.

ఇంకొక్కటి చెప్పి ముగిస్తాను. కోతల రోజుల్లో అవ్వ కొండాపూర్ పోదామని నన్ను అడిగింది. చేతిలో చిన్న మూట ఉంది. కోత కోస్తున్న ఆడవాళ్ళు గట్టు మీద కూర్చుని అన్నం తింటున్నారు. అవ్వ వాళ్ళకు కొంచెం దూరంగా మూట కింద పెట్టి, విప్పి, తాను రెండడుగులు వెనక్కి జరిగి నిలబడింది. లోపల లక్క గాజులు. ఎర్రటి లక్క మీద ఆకుపచ్చ, నీలం పెంకులు ఎండకు మెరుస్తున్నాయి. ఆ మెరుపు నేను అంతకుముందు ఒకసారి చూశాను. వాళ్ళూ చూశారు.

"దాచుడెందుకు. గవి మీ మడిల ఏరిన పెంకులే. లాడ్ బజార్ల చేపిచ్చిన. ఇష్టమైతేనే తీసుకోండ్రి" అంది అవ్వ.

తింటున్న చేతులు ఆగిపోయాయి. నాట్ల పెద్దామె లేచి చేతులు కడుక్కుని వచ్చింది. వంగి ఒక గాజు తీసి అటూ ఇటూ తిప్పి, పెంకుల మీద బొటనవేలితో రాసి చూసింది. అంచులు నున్నగా ఉన్నాయి. కొత్త పెళ్ళికూతురు తనకు ఇమ్మని చెయ్యి చాచింది. పెద్దామె ఇవ్వలేదు. ఆ గాజు తీసుకుపోయి అవ్వ చేతిలో పెట్టి, తన చెయ్యి ముందుకు చాపింది.

"తెచ్చినదానివి నువ్వు. నువ్వే తొడుగు."